పొగబెట్టిన గింజలు

మా ఇంటిపేరు ఏప్రిల్.
దక్షిణాన, కేప్ కొండల కింద,
అది ఎండ చల్లారి
మొదటి వాన వాసన గాలికెక్కే నెల.
మా తాతల్లో ఎవరినో ఓడ దించి
అమ్మింది ఆ నెలలోనేనట.
కొన్నవాడు ఇంకో పేరు వెతకడానికి బద్ధకించాడట.
ఎంత నిజమో నాకు తెలీదు.
విత్తనాలు చల్లడానికి మాత్రం
అంతకన్నా మంచి నెల లేదు.

మొదటి ఏడు చల్లాను.
నువ్వు గింజలో సగం కూడా ఉండవు,
ప్రతి దానికీ ఓ దూది తోక.
తుమ్మితే పంట పోతుంది.
ఇసుకలో కలిపి, పలచగా చల్లి,
రోజూ మోకాళ్ళ మీద కూర్చుని చూశాను.
గడ్డి వచ్చింది. చీమలు వచ్చాయి.
ఆగస్టు వచ్చింది.

గోడ అవతలి నుంచి ఆబ్రామ్ యూలీస్ నవ్వాడు.
"డీనా, కొండ తగలబడకుండా
ఈ పువ్వు ఎప్పుడైనా మొలిచిందా?"

మరుసటి ఏప్రిల్‌కి
పాత నూనె డ్రమ్ము, రెండు గజాల గొట్టం,
కొండ మీంచి పచ్చీ ఎండూ కలిసిన కంప తెచ్చాడు.
గింజల ట్రేలను గుడారంలో పెట్టి
గంటసేపు పొగ వదిలాం.
ఇద్దరం దగ్గాం. అతని కుక్క పారిపోయింది.
పొగబెడితే ఎవరైనా ఇల్లు వదిలి పోతారు,
ఇవి మాత్రం
పొగబెడితేనే వస్తాయి.

ఇరవై మూడో రోజున
బూడిద రంగు చెవులు రెండు.
పక్కన ఇంకో రెండు.
నేనెవరినీ పిలవలేదు.
కాసేపు ఒక్కదాన్నే చూసుకున్నాను.

పూతకి ఇంకో ఏడాదిన్నర.
ఆ లోపల వేరుపురుగు పావు వంతు తిన్నది,
ఆగ్నేయపు గాలి ఒక వరసను పడుకోబెట్టింది,
నీళ్ళు ఎక్కువ పోసి కొన్నిటిని నేనే చంపాను
(ఈ సంగతి ఆబ్రామ్‌కి చెప్పలేదు).

మా భాషలో దీని పేరు 'ఏడేళ్ళది'.
కోసి ఏడేళ్ళయినా వాడదని.
నిజంగా పూసిన రోజున
పువ్వని నమ్మబుద్ధి కాలేదు:
తెల్ల కాగితం మడతలు,
వేలితో మీటితే చప్పుడు.
బతికుండగానే ఎండిపోయి ఉంటుంది,
ఇక ఎండేది ఏముంది?

ఆ అందానికి ఆశపడి
పూర్తిగా విచ్చాక కోశాను.
తప్పు.
అటక మీద తలకిందులుగా కట్టిన కట్టలన్నీ
పది రోజుల్లో నడుమ పగిలి
దూదై రాలాయి.
ఆ రాత్రి అన్నంలో కూడా దూదే.

ఇప్పుడు తెలుసు.
పసుపు కన్ను తెరవకముందే కోయాలి.
మొగ్గ ఇంకా మనసు మార్చుకోగలిగిన పూట,
మంచు ఆరాక, ఎండ ముదరకముందు.
ఆకులు దూసి, పాతికకో కట్ట,
రబ్బరు బ్యాండు. దారం వద్దు:
కాడ సన్నబడేకొద్దీ దారం వదులవుతుంది,
రబ్బరు తనూ సన్నబడుతుంది.
తర్వాత చీకటి. మూడు వారాలు.
కోసిన తర్వాత కూడా చీకట్లో
కాస్త కాస్త విచ్చుకుంటాయవి,
తెగిన వార్త ఇంకా అందనట్టు.

పట్నం నుంచి ఫౌరీ అమ్మగారు వచ్చి
నాలుగు వందల కట్టలు కావాలంది,
సగం నీలం రంగు వేసి.
నీలం సీవయార్కీ ఏ కొండ మీదా లేదన్నాను.
"అందుకే కదా డబ్బిచ్చేది," అంది.
వేశాను.
మోచేతుల దాకా నీలమై
ఆదివారం గుడిలో చేతులు ముడుచుకు కూర్చున్నాను.

మొన్న రాత్రి, లారీ రాకముందు,
అటకెక్కాను లెక్క చూడటానికి.
ఎనిమిది నెలల కిందటి కోత.
ఒక్క పువ్వూ విచ్చి లేదు.
అన్నీ మూతులు బిగించి
మొగ్గలై వేలాడుతున్నాయి.
బూజా, చీడా,
డబ్బంతా పోయిందా అని
దీపం ఎత్తి పట్టుకున్నాను.

అప్పుడు కప్పు గడ్డి మీద
మొదటి చినుకు వినిపించింది.

తెల్లవి ముడుచుకున్నాయి.
నీలం వేసినవీ ముడుచుకున్నాయి.